రంఫర్డు ప్రభువు

నిప్పును వశము చేసికొనిన నాటినుండి మానవుడు దానిని వాడుచునే యున్నాడు. అన్నము వండుటకు, చలి కాచుకొనుటకు, స్నానమునకు నీరు కాచుటకు నిప్పే ఆధారము. ఐనను పొయ్యిలో పెట్టిన కట్టెయందలి వేడిమిలో ఎంత పాలు కడవలోని నీటికి చేరుచున్నదో, ఎంత పాలు పొగతో కలిసి ఆకాశమున పోవుచున్నదో కొలిచి చూచినవారు పూర్వము మిక్కిలి అరుదు. త్రాసును, ఉష్ణమాపకమును చేతబట్టి ఆ లెక్క తీసినవారిలో అగ్రగణ్యుడు రంఫర్డు ప్రభువు. అతడు తండ్రిలేని పేదబాలుడుగా పెరిగి, బడిపంతులై, సైనికుడై, మంత్రియై, తుదకు శాస్త్రజ్ఞుడుగా లోకప్రసిద్ధి గాంచెను. అతని జీవితమున మెచ్చదగిన విషయములు పెక్కు కలవు. మెచ్చరానివియు కొన్ని కలవు. రెండును తెలిసికొనదగినవే.

అతని అసలు పేరు బెంజమిన్ థామ్సన్. 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన అమెరికాలో మసాచుసెట్సు ప్రాంతమందలి వోబర్న్ అను గ్రామమున ఒక రైతుకుటుంబమందు జన్మించెను. అప్పుడు ఆ దేశము ఇంగ్లండు రాజు ఏలుబడిలో నుండెను. పసితనముననే తండ్రి మరణించెను. తల్లి మరల వివాహము చేసికొనెను. బాలునికి సేద్యమునందు ఆసక్తి లేదు. లెక్కలన్నను, యంత్రములన్నను ప్రాణము. పదుమూడవ యేట అతనిని సేలం పట్టణమున ఒక వర్తకుని దుకాణములో పని నేర్చుకొనుటకు చేర్చిరి. అచట కొట్టుపని ముగియగానే బాలుడు ఏదో ఒక ప్రయోగమున మునిగి యుండెడివాడు. ఒకనాడు బాణసంచా తయారు చేయుచుండగా మందు ఒక్కసారిగా అంటుకొని అతని ముఖము కాలెను. కొంతకాలము మంచమెక్కి యుండవలసి వచ్చెను. అంతటి బాధ పడినను నిప్పుపై అతని కుతూహలము చల్లారలేదు.

దుకాణము విడిచి ఇంటికి వచ్చిన పిమ్మట, బాల్డ్విన్ అను మిత్రునితో కలిసి కేంబ్రిడ్జి పట్టణమునకు కాలినడకన పోయి, హార్వర్డు కళాశాలలో విన్‌త్రాప్ ఆచార్యుడు చెప్పు ప్రకృతిశాస్త్రపాఠములు వినుచుండెను. విన్నదానిని ఇంటివద్ద తానే యంత్రములు చేసికొని పరీక్షించుచుండెను. 1772వ సంవత్సరమున, పందొమ్మిదవ యేట, న్యూహాంప్‌షైరులోని కాంకర్డు పట్టణమున ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ పట్టణమునకు పూర్వము రంఫర్డు అని పేరు. ఆ యేడే తనకంటె వయస్సున చాల పెద్దదియు, ధనవంతురాలును అగు సారా రోల్ఫ్ అను వితంతువును వివాహమాడెను. దానితో అతని దశ తిరిగెను. రాష్ట్రాధికారి అతనికి సైన్యమున మేజరు పదవి నిచ్చెను. 1774వ సంవత్సరమున ఒక కుమార్తె కలిగెను. ఆమెకును సారా యనియే పేరిడిరి.

అప్పుడు అమెరికా ప్రజలు ఇంగ్లండు పాలనను ఎదిరించుటకు సిద్ధపడుచుండిరి. థామ్సన్ రాజపక్షము వాడని జనులు అనుమానించిరి. 1774వ సంవత్సరాంతమున కోపించిన జనసమూహము అతనిని పట్టుకొన వచ్చుచున్నదని తెలిసి, భార్యను, పసిబిడ్డను ఇంటనే విడిచి అతడు పారిపోయెను. జనుల అనుమానము నిజమే. అతడు ఆంగ్లసేనానులకు రహస్యముగా వార్తలు పంపుచుండెను. 1776వ సంవత్సరమున ఇంగ్లండునకు వెడలిపోయెను. ఆ భార్యను అతడు మరల చూడలేదు. ఆమె 1792వ సంవత్సరమున మరణించెను.

లండనులో జార్జి జర్మేన్ ప్రభువు కొలువున చేరి, థామ్సన్ త్వరలోనే పెద్ద యుద్యోగి అయ్యెను. ఐనను ప్రయోగములు మానలేదు. తుపాకిమందు బలమును కొలుచు ప్రయోగములలో ఒక వింతను గమనించెను. గుండు లేకుండ వట్టిమందు పేల్చినపుడు, గుండు పెట్టి పేల్చినప్పటికంటె గొట్టము ఎక్కువగా వేడెక్కుచుండెను. గుండును త్రోయుటలో వ్యయము కావలసిన బలము, గుండు లేనిచో వేడిమిగా మారుచున్నదా యను సందేహము అతని మనస్సున నాటుకొనెను. 1779వ సంవత్సరమున రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల పరిషత్తు అతనిని సభ్యునిగా చేర్చుకొనెను.

పిమ్మట అతడు అశ్వదళమునకు అధిపతియై అమెరికాకు తిరిగి వచ్చెను. హంటింగ్టన్ అను ఊరి శ్మశానమున కోట కట్టించి, సమాధులపై నున్న రాతిపలకలను తన సైనికుల రొట్టెల పొయ్యిలకు వాడించెను. ఆ యూరివారు ఆ యవమానమును చాల కాలము మరువలేదు. పొయ్యిలతో లోకోపకారము చేయబోవు వ్యక్తి ఆ నాడు పొయ్యిలతోనే ప్రజల ద్వేషమును మూటగట్టుకొనెను.

యుద్ధము ముగిసిన పిదప, 1784వ సంవత్సరమున ఇంగ్లండు రాజు అతనికి సర్ బిరుదము నిచ్చెను. తరువాత అతడు జర్మనీదేశమందలి బవేరియా రాజ్యమునకు పోయి, కార్ల్ థియొడోర్ ప్రభువు కొలువున చేరెను. అతని జీవితమున మహత్తరమైన ఘట్టము ఇచటనే ఆరంభమయ్యెను.

బవేరియా రాజధాని మ్యూనిక్ నగరము. అది చలిదేశము. కట్టెయే వారి వంటచెఱకు, కట్టెయే వారి చలిమంట. నగరమున బిచ్చగాండ్రు గుంపులు గుంపులుగా తిరుగుచుండిరి. తల్లులు బిడ్డలను వీధిలో కూర్చుండబెట్టి బిచ్చమెత్తించుచుండిరి. సైనికులకు చాలినంత తిండి లేదు. తగిన బట్ట లేదు. థామ్సన్ మొదట పాడుపడిన ఒక కార్ఖానాను బాగు చేయించి, విశాలమైన వంటశాలను, నూలు వడకు గదులను, నేతగదులను ఏర్పరచెను. 1790వ సంవత్సరము జనవరి 1వ తేదీన సైనికోద్యోగులును నగరాధికారులును కలిసి వీధులలోనికి వెడలి, కనబడిన బిచ్చగాండ్రను పట్టి నగరమందిరమునకు తీసికొనిపోయి పేర్లు వ్రాసికొనిరి. మరునాడు పనిశాలకు రమ్మని చెప్పి పంపిరి. ఒక వారములో దాదాపు 2,600 మంది పేర్లు పట్టికకెక్కెను.

వారిని అతడు దండించలేదు. వెచ్చని గది, శుభ్రమైన చోటు, వేడి యాహారము, చేసిన పనికి తగిన కూలి ఏర్పరచెను. నీతి నేర్పి తరువాత సుఖమిత్తుమని లోకులు తలచుచుండగా, ముందు సుఖమిచ్చినచో నీతి తానే వచ్చునని అతడు తలచెను. ఆ తలపు చాలవరకు ఫలించెను. వారు నేసిన బట్టలే సైనికులకు దుస్తులయ్యెను.

ఇంతమందికి ప్రతిదినము తిండి పెట్టుట సులభము కాదు. థామ్సన్ చౌక యాహారమునకై అనేక పరీక్షలు చేసి, బార్లీ గింజలు, బఠానీలు, బంగాళాదుంపలు నీటిలో చాలసేపు ఉడికించి, పులుపును ఉప్పును చేర్చి, చిక్కని జావ కాయించెను. ఆ దేశమువారికి అప్పటికి బంగాళాదుంపలన్న రుచింపవు. కావున మొదట వాటిని కనబడకుండ మెదిపి జావలో కలిపించెను. తినినవారు రుచి మరిగిన పిదప నిజము తెలిపిరి. నేటికిని ఆ జావకు రంఫర్డు జావ యనియే పేరు.

తిండి చౌకయైనను దానిని ఉడికించు కట్టె చౌక కాదు. ఆ కాలపు వంటశాలలలో పెద్ద గూటియందు బహిరంగముగా మంట వేసి, దానిపై పాత్రలు వ్రేలాడదీసెడివారు. మన మూడురాళ్ల పొయ్యివలెనే మంట నలుదెసల చెదరి, వేడిమిలో అధికభాగము గోడలకును, గాలికిని, వంటవాని ముఖమునకును చేరుచుండెను. థామ్సన్ ఈ దుర్వ్యయమును అరికట్టుటకు పొయ్యిని మొదటినుండి మార్చెను. మంటను ఇటుకల నడుమ బంధించెను. కట్టెల క్రింద ఇనుపజల్లెడ అమర్చి, బూడిద గుంటకు తలుపు పెట్టించి, ఆ తలుపును తెరచుటచేతను మూయుటచేతను గాలిని హెచ్చుతగ్గులు చేయు వీలు కల్పించెను. మంట నేరుగ పొగగొట్టములోనికి పోకుండ, గుండిగ అడుగునను చుట్టును తిరిగి వేడినంతయు ఇచ్చి, తరువాత బయటికి పోవునట్లు దారులు కట్టించెను. పాత్రలకు రెండు పొరల మూతలు చేయించెను. పొరల నడుమ చిక్కిన గాలి వేడిని బయటికి పోనీయదు. ఒక్కొక్క పాత్రకు వేఱువేఱుగ చిన్న మంట ఏర్పరచెను. కావలసిన దానినే వెలిగించుకొనవచ్చును.

తరువాత ఇటలీదేశమునకు పోయినపుడు వెరోనా పట్టణమందలి రెండు ఆస్పత్రుల వంటశాలలను ఈ పద్ధతిని కట్టించెను. అచట ఎనిమిది పాళ్ల కట్టెలో ఏడు పాళ్లు మిగిలినట్లు అతడు లెక్క చూపెను. ఉన్నిబట్టలు, ఈకలు, తోళ్లు చలినుండి ఎట్లు కాపాడునో పరీక్షించి, వాటి నడుమ చిక్కిన గాలియే అందులకు కారణమని నిరూపించెను. 1792వ సంవత్సరమున రాయల్ సొసైటీ అతనికి కోప్లీ పతకము నిచ్చెను. ఆ కాలముననే అతనికి కౌంటు అను ప్రభుపదవి లభించెను. ప్రభువునకు ఒక ఊరి పేరు కావలెను గదా! తాను బడిపంతులుగా నున్న పట్టణపు పాతపేరును అతడు గ్రహించెను. నాటినుండి బెంజమిన్ థామ్సన్ రంఫర్డు ప్రభువయ్యెను. మ్యూనిక్ నగరమున నేటికిని ప్రజలు విహరించు ఇంగ్లీషు తోట కూడ అతని సంకల్పముననే 1789వ సంవత్సరమున ఆరంభమైనది.

రంఫర్డు కంటికి చిన్న విషయమును పెద్ద ప్రశ్నయై తోచును. ఒకనాడు భోజనమునకు చిక్కని బియ్యపు జావ వచ్చెను. వేడిగ నున్నదని ప్రక్కన పెట్టి, చాలసేపైన పిమ్మట చెంచాతో పైభాగమును తినెను. అది చల్లగ నుండెను. రెండవసారి చెంచాను లోతుగ ముంచి నోటిలో పెట్టుకొనగా నాలుక కాలెను. వట్టినీరైనచో ఇట్లు జరుగదు. చిక్కని జావ ఇంతసేపు ఎట్లు వేడిని దాచుకొనెను? మరొకప్పుడు సారాయి నింపిన పెద్ద ఉష్ణమాపకమును చల్లారుటకై కిటికీలో నుంచగా, అందు చిక్కిన ధూళికణములు ఒక ప్రక్క పైకెక్కుచు, మరొక ప్రక్క క్రిందికి దిగుచు కనబడెను. ఈ రెండును కలిపి అతడు ఆలోచించెను. ద్రవమున వేడిమి ప్రధానముగ ద్రవము కదలుటచేతనే వ్యాపించును. వేడెక్కిన నీరు తేలికయై పైకి పోవును; చల్లని నీరు బరువై క్రిందికి దిగును. చిక్కని జావ కదలలేదు గనుక వేడి లోపలనే నిలిచియుండును. దీనికే నేడు సంవహనమని పేరు. ఐతే రంఫర్డు ఒక యడుగు ముందునకు పోయి, కదలని నీరు వేడిని ఏ మాత్రమును ప్రసరింపజేయదని వాదించెను. అది సరికాదని తరువాతివారు నిరూపించిరి. కదలని నీటియందును వేడి ప్రసరించును. కాని మిక్కిలి మెల్లగ ప్రసరించును.

రంఫర్డు ప్రయోగములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫిరంగి ప్రయోగము. మ్యూనిక్ ఆయుధాగారమున ఫిరంగులకు రంధ్రము తొలుచుట అతని పర్యవేక్షణలో జరుగుచుండెను. తొలుచునపుడు లోహము భరింపరానంత వేడెక్కుచుండెను. ఆ కాలపు పండితులు వేడిమి యనునది కంటికి కనబడని ఒక ద్రవమని నమ్మిరి. లోహమును చిన్నచిన్న ముక్కలుగ కోసినపుడు ఆ ద్రవము పిండబడి బయటికి వచ్చునని చెప్పెడివారు. రంఫర్డు ఈ మాటను పరీక్షింపనెంచి, మొద్దుబారిన తొలిమరను తెప్పించెను. అది లోహమును కోయదు, ఒరయును. ఫిరంగి మొదలును ఒక పెట్టెలో నుంచి, దాని చుట్టును రమారమి 18¾ పౌనుల చల్లనీరు పోయించెను. గుఱ్ఱములచేత యంత్రమును త్రిప్పించెను. మొదట నీటి వేడిమి 60 ఫారన్‌హీటు డిగ్రీలు. ఒక గంటలో 107 డిగ్రీలయ్యెను. గంటన్నరకు 142, రెండు గంటలకు 178 డిగ్రీలయ్యెను. రెండున్నర గంటలు గడచుసరికి నీరు తెర్లి మరుగసాగెను. నిప్పురవ్వ యైనను లేకుండ అంత నీరు కాగుట చూచి చుట్టునున్నవారు నివ్వెరపోయిరి.

గుఱ్ఱములు తిరుగుచున్నంతసేపు వేడిమి పుట్టుచునే యుండెను. ఎంత తీసినను తరుగని వస్తువు ఏదియు లోకమున నుండదు. కావున వేడిమి ద్రవము కాదు. అది ఒక విధమైన చలనమే యని రంఫర్డు నిశ్చయించెను. 1798వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఈ విషయము రాయల్ సొసైటీ సభలో చదువబడెను. పండితులు వెంటనే అంగీకరింపలేదు. దాదాపు అర్ధశతాబ్దము గడచిన పిదప, జౌల్ మొదలగు శాస్త్రజ్ఞుల ప్రయోగములచేత ఈ సత్యము స్థిరపడెను.

ఈ సత్యమునకు మన దేశముననే చక్కని ఉదాహరణము కలదు. నంద్యాల జిల్లాలో, నల్లమల కొండలపై, శ్రీశైలక్షేత్రమునకు సమీపమున సున్నిపెంట యను గ్రామము కలదు. కృష్ణానదిపై శ్రీశైలము ఆనకట్టకు 1963వ సంవత్సరమున శంకుస్థాపన జరిగెను. ఆ నిర్మాణమునకై వచ్చినవారి నివాసములతో సున్నిపెంట పెద్ద ఊరయ్యెను. ఆనకట్టనుండి పడు నీరు చక్రములను త్రిప్పును. చక్రముల చలనము విద్యుత్తగును. ఆ విద్యుత్తు తీగలవెంట పోయి ఎక్కడనో ఒక ఇంట స్నానపునీటిని కాచును. రంఫర్డు గుఱ్ఱములచేత చేయించిన పనినే ఇచట కృష్ణానది చేయుచున్నది.

రంఫర్డు 1795వ సంవత్సరమున లండనుకు వచ్చినపుడు, బండిలోనుండి అతని కాగితముల పెట్టె దొంగిలింపబడెను. అనేక సంవత్సరముల వ్రాతలు పోయెను. అతడు అధైర్యపడక మరల పనికి పూనుకొనెను. ఆ నగరపు ఇండ్లలో చలిమంటల గూళ్లు గదినిండ పొగ చిమ్ముచుండెను. రంఫర్డు గూటి లోతు తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగ కట్టించి, పొగగొట్టపు గొంతును ఇరుకు చేయించెను. పొగ బయటికి పోయెను. వేడి గదిలోనికి వచ్చెను. కొలదికాలముననే ఆ మార్పు ఇంటింట వ్యాపించెను. 1796వ సంవత్సరమున వేడిమి, వెలుగు అను విషయములలో పరిశోధన చేయువారికి బహుమతు లొసగుటకై ఇంగ్లండుననున్న పరిషత్తునకును, అమెరికాలోని పరిషత్తునకును ధనమిచ్చెను. 1799వ సంవత్సరమున లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను శాస్త్రసంస్థ నెలకొనుటకు అతడే ముఖ్యకారకుడు. హంఫ్రీ డేవీ అను యువకుడు అతని కాలముననే అచట చేరెను. తరువాత ఫారడే మహాశయుడు పనిచేసినదియు ఆ సంస్థయందే.

నీటితొట్లను కాచుటకును అతడు ఒక కొత్త మార్గము చూపెను. అద్దకపుశాలలలో ఒక్కొక్క తొట్టి క్రింద ఒక్కొక్క మంట వేయుట వాడుక. ఒక్క బాయిలరులో ఆవిరి పుట్టించి, గొట్టములద్వారా అనేక తొట్లలోనికి పంపినచో, ఒకే మంటతో అన్నియు కాగునని అతడు బోధించెను. లీడ్సు పట్టణమందలి ఒక అద్దకపుశాలలో ఆ పద్ధతి అమలు జరిగెను.

కడపటి దినములను రంఫర్డు ఫ్రాన్సుదేశమున గడపెను. 1805వ సంవత్సరమున లవాజియే మహాశయుని వితంతువగు మేరీ ఆన్‌ను వివాహమాడెను. వేడిమిని ద్రవమని చెప్పినవారిలో లవాజియే ముఖ్యుడు. ఆ మతమును ఖండించినవాడు రంఫర్డు. ఈ వివాహము సుఖప్రదము కాలేదు. ఆమెకు అతిథులన్న ప్రీతి. అతనికి ఏకాంతమన్న ప్రీతి. ఒకనాడు అతడు అతిథులు రాకుండ గేటుకు తాళము వేయించెను. ఆమె కోపించి, అతడు ప్రేమతో పెంచుకొను పూలమొక్కలపై మరుగుచున్న నీటిని పోయించెను. 1809వ సంవత్సరమున వారిరువురును విడిపోయిరి.

గృహశాంతి లేకున్నను పరిశోధన ఆగలేదు. ఏ కట్టెలో ఎంత వేడిమి కలదో కొలుచుటకు రంఫర్డు ఒక రాగిపెట్టెను చేయించెను. పెట్టెనిండ నీరు, నీటి నడుమ మెలికలు తిరిగిన ఒక గొట్టము. క్రింద కట్టెపేళ్లు కాల్చినచో ఆ వేడిగాలి గొట్టమున ప్రాకుచు తన వేడినంతయు నీటికిచ్చి, చల్లబడి బయటికి పోవును. నీరు ఎన్ని డిగ్రీలు వేడెక్కినదో చూచిన కట్టెయందలి వేడిమి తెలియును. బయటి గాలివలన లెక్క తప్పకుండుటకు మంచి యుపాయము పన్నెను. ప్రయోగారంభమున నీరు గదికంటె ఎన్ని డిగ్రీలు చల్లగ నుండునో, తుదకు అన్ని డిగ్రీలు వేడిగ నుండునట్లు చూచెను. మొదట గదినుండి గ్రహించిన వేడి, తరువాత గదికి పోయిన వేడితో సరిపోవును. బాగుగ ఎండిన కట్టెయే ఎక్కువ వేడి నిచ్చునని ఇట్టి పరీక్షలు తేల్చెను. పచ్చికట్టెలో వేడి చాలభాగము దానియందలి తేమను ఆవిరి చేయుటకే సరిపోవును.

1814వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన పారిస్ సమీపమందలి ఓటోయ్ అను చోట రంఫర్డు మరణించెను. తాను కాలినడకన పోయి పాఠములు వినిన హార్వర్డు కళాశాలకు కొంత ఆస్తి వ్రాసియిచ్చెను. దానితో అచట ఒక ఆచార్యపీఠము వెలసెను.

రంఫర్డు కాలముననే ఫ్రాన్సుదేశస్థుడు ఫిలిప్ లెబన్, కట్టెను మూసిన పాత్రలో కాచినచో మండెడి వాయువు వెలువడునని చూపి, 1799వ సంవత్సరమున దానికి హక్కుపత్రము పొందెను. ఆ వాయువుతో దీపములు వెలిగించి పారిస్ ప్రజలను ఆశ్చర్యపరచెను. లెబన్ కనిపెట్టిన వాయువును, రంఫర్డు చూపిన వేడిని పట్టుకొను మార్గమును కలిపిన యంత్రములు నేడు చలిదేశములలో ఇండ్లయందు వాడుకలో నున్నవి. అందు పై అరలో కట్టెలు నింపి, కొలది గాలితో కాల్చుదురు. చాలినంత గాలి లేనందున కట్టెనుండి మండెడి వాయువులు పుట్టును. ఆ వాయువులను ఒక చిన్న కంతగుండ క్రింది అరలోనికి త్రోసి, అచట మరల వేడిగాలి కలుపుదురు. అప్పుడు పొగ లేకుండ తీవ్రమైన మంట మండును. మన పొయ్యిలో పొగయై పోవునది ఇచట మంటయై కాలుచున్నది. పొగ యనగా చాలభాగము కాలక మిగిలిన వంటచెఱకే.

ఆ మంట నీటిగొట్టములను కాచును. కాగిన నీరు పెద్ద తొట్టిలోనికి పోవును. రంఫర్డు చెప్పినట్లు వేడినీరు పైన నిలుచును. చల్లనీరు అడుగున నుండును. కావున పైనుండి వాడుకకు తీసికొందురు. అడుగునుండి కాచుటకు పంపుదురు. మంటను అణచి అణచి కాల్చినచో మసియు తారును పుట్టును. కావున దినమున కొకసారి నిండుమంట వేసి, వేడిని తొట్టియందు దాచుకొని, కావలసినపుడు వాడుకొందురు. వేడెక్కిన నీరు పరిమాణమున పెరుగును గనుక అట్టి తొట్లకు రక్షణకవాటము తప్పక కావలెను.

దీని ప్రయోజనము లెక్కవలన తెలియును. ఒక లీటరు నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడి చేయుటకు ఒక కిలోకెలోరీ వేడిమి కావలెను. 1,000 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు కాచుటకు 50,000 కిలోకెలోరీలు కావలెను. ఎండిన కట్టె ఒక కిలో కాలినచో రమారమి 3,500 కిలోకెలోరీలు వచ్చును. వేడిలో ఐదింట నాలుగు పాళ్లు నీటికి చేర్చు యంత్రమున 18 కిలోల కట్టె చాలును. ఏడింట ఒక పాలు మాత్రమే చేరు బహిరంగపు మంటపై 100 కిలోల కట్టె కాల్చవలెను. కట్టె యదియే, నీరు నదియే. తేడా యంతయు పొయ్యిలోనే యున్నది.

మన తెలుగుదేశమున నడుమ గొట్టముగల రాగి బాయిలరు ఈ సూత్రముతో చేసినదే. నిప్పు లోపల, నీరు చుట్టును ఉండుటచేత వేడి వృథా కాదు. 1950 ప్రాంతమున హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953వ సంవత్సరమున దానినిగూర్చి ఒక పుస్తకమును ప్రకటించెను. అందు ఒక మంటయే వరుసగా అనేక పాత్రలను కాచి, తుదకు పొగగొట్టముగుండ బయటికి పోవును. ఇనుము లేదు, యంత్రము లేదు. మట్టియు, తెలివియు చాలును. పొగచేత కన్నులు మండి, దగ్గుచు వంట చేసెడి తల్లులకు ఇది ఎంతటి మేలు! కట్టెల మోపులు నెత్తిన పెట్టుకొని నల్లమల కొండదారులలో నడచు స్త్రీలకు ఒక్క మోపు తగ్గినను అది గొప్ప విశ్రాంతియే. అడవికిని అది రక్షణయే.

రంఫర్డు అహంకారి, పదవీకాంక్ష గలవాడు. పుట్టినదేశపు ప్రజలకు ద్రోహము చేసెను. నమ్మిన భార్యను విడిచెను. పేదలయెడ జాలి చూపినను, తోడివారియెడ ప్రేమ చూపుట అతనికి చేతకాలేదు. వేలకొలది ఇండ్లను వెచ్చగ నుంచిన యతని సొంతయిల్లు మాత్రము చల్లగనే మిగిలెను. ఇవి దాచదగిన విషయములు కావు. ఐనను పండితులు నక్షత్రములను, గ్రహములను కొలుచుచుండగా, అతడు వంటయింటిలోనికి వచ్చి కూర్చుండెను. కడవను, కట్టెను, జావను శాస్త్రమునకు తగిన వస్తువులుగ నెంచెను. బీదవాని పొయ్యిలో ఒక కట్టె మిగిల్చుట రాజునకు కోట కట్టించుటకంటె తక్కువపని కాదని తన చేతలచేత చాటెను. ఆ గుణమును మాత్రము మనము గ్రహింపవలెను. నిప్పు మనకు ఊరక లభించినది. దానిని వృథా చేయకుండుట మన తెలివిపై ఆధారపడియున్నది.